క్రొత్త ఫోనుపై కోరిక యెచట పుట్టును?



మా యింట గత సంవత్సరము శ్రావణమాసమున జరిగిన యొక సంగతితో ఈ వ్యాసము నారంభించుచున్నాము. సంగతి చిన్నదే. కాని దానివలన మాకు కలిగిన సిగ్గు చిన్నది కాదు. మన సోదరీమణులలో మరికొందరికైనను ఇట్టి యనుభవము కలిగియుండవచ్చునను తలంపుతో, దాపరికము లేక దీనిని మీ యెదుట నుంచుచున్నాము.

మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి జీతములోనుండి నెలకు 1,500 రూపాయల చొప్పున ఇరువది నెలలు మేమొక చీటీ కట్టితిమి. కడపటి నెలలో ఎత్తుకొనుటచే 30,000 రూపాయలును చేతికి వచ్చెను. మా యత్తగారికి డెబ్బదిరెండు సంవత్సరములు. పై పలువరుస యంతయు పోయినది. క్రింద నాలుగు పండ్లు మాత్రమే మిగిలినవి. ఆ సొమ్ముతో వారికి పండ్లసెట్టు కట్టింపవలెనని చీటీ మొదలుపెట్టిన నాడే అనుకొంటిమి. దంతవైద్యుడు కొలతలు చూచి 24,000 రూపాయలగునని చెప్పి, శ్రావణము వెళ్లిన పిమ్మట రమ్మనెను.

వరలక్ష్మీవ్రతము నాటి సాయంకాలము, అలవాటు చొప్పున మా చుట్టములందరును తమ తమ యిండ్లలోని యమ్మవారి యలంకారములను ఫోటోలు తీసి కుటుంబపు వాట్సాపు గ్రూపులో నుంచిరి. మేమును ఉంచితిమి. అందరి చిత్రములును కన్నులకు కట్టినట్లుండగా మాది మాత్రము మంచు పట్టినట్లుండెను. మా తోడికోడలు చనువు గలది. "అక్కా, అలంకారం ఎంత బాగా చేశావో! ఫోటోనే మసకగా ఉంది. ఆ ఫోను మార్చకూడదూ?" అని వ్రాసెను. ఆమె మాటలో ద్వేషము లేదు. దాని క్రింద ఇరువురు నవ్వుబొమ్మలు పెట్టిరి. జరిగినది అంతమాత్రమే.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఫోను చేతబట్టుకొని ఫోనులనే వెదకితిమి. మరునాడు మొదలు మేము వెదకకయే అవి మమ్ము వెదకుకొనుచు వచ్చుచుండెను. వంటల వీడియో తెరచిన ఫోను ప్రకటన. భక్తిగీతము తెరచిన ఫోను ప్రకటన. పది దినములలో మాకు మూడు కెమెరాలు గల ఫోనులేవో, నాలుగు గలవేవో కంఠస్థమాయెను. మా చేతిలోని ఫోను పనికిరానిదని మనస్సు తీర్పు చెప్పెను. మా వారితో చెప్పగా వారు "నీ యిష్టము" అని యూరకుండిరి. ఆ మాట ప్రక్కగదిలోనున్న మా యత్తగారి చెవిని బడెను. ఉదయమున వారు మా దగ్గరకు వచ్చి, "అమ్మాయీ, నా పళ్ళకేం తొందర? మజ్జిగన్నం తినడానికి పళ్ళెందుకు? ముందు నువ్వు ఫోను కొనుక్కో" అనిరి.

వారు నిష్ఠురమునకు అనలేదు. ఇష్టపూర్వకముగానే అనిరి. అందుచేతనే ఆ మాట మమ్ము కుదిపివైచెను. వ్రతమునకు ముందునాడు మాకు చాలియుండిన ఫోను మరునాటికి చాలకపోవుటకు ఆ ఫోనులో ఏమి మారినది? ఏమియు మారలేదు. మారినది మా మనస్సు. అది యెట్లు మారెనో తెలిసికొనవలెనని మా వారి సహాయముతో కొంత చదివితిమి. చదివినదానిని, అనుభవించినదానిని కలిపి యిట వ్రాయుచున్నాము.

వ్యసనమనగా నేమి?

మన పెద్దలు వ్యసనములను ఏడుగా లెక్కించి, జూదమును అందులో చేర్చిరి. నలుడును ధర్మరాజును దుర్మార్గులు కారు. విద్యయు వివేకమును గలవారే పాచికల యెదుట వివశులైరి. కావున వ్యసనము చెడ్డవారికే పట్టునను భ్రమను మనము మొదటనే విడువవలెను. పాచికలలోని ఆకర్షణ మేమి? తరువాతి పందెములో ఏమి పడునో తెలియకపోవుటయే. ప్రతి పందెమును గెలుపే యైనచో మనుష్యునికి కొంతసేపటికి విసుగు పుట్టును. ప్రతిదియు ఓటమియే యైనచో లేచిపోవును. ఒకప్పుడు గెలుపు, ఒకప్పుడు ఓటమి యగుటచే కూర్చున్నవాడు కూర్చున్నట్లే యుండును.

అమెరికా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడగు స్కిన్నరు పావురములతోను ఎలుకలతోను చేసిన పరీక్షలలో ఈ విషయమే తేలినది. మీట నొక్కిన ప్రతిసారియు గింజ దొరకిన పావురము, గింజలు నిలిచిపోగానే త్వరలో మానివేయును. ఎప్పుడు దొరకునో తెలియని పావురము విడువక పొడుచుచునే యుండును. ఫోనులోని పుటను వ్రేలితో క్రిందికి లాగి, క్రొత్తది ఏమైన వచ్చెనాయని చూచు మన చేష్టకును దీనికిని భేదము చాల తక్కువ. 2006లో అజా రాస్కిన్ అను యువకుడు, పుట యెన్నటికిని ముగియకుండ క్రిందికి సాగిపోవు నేర్పును కల్పించెను. అది మనుష్యుల కాలమును హరించుచున్నదని ఆయనయే పిమ్మట బహిరంగముగా విచారపడెను. 2009లో ఫేస్‌బుక్కు 'లైకు' మీటను ప్రవేశపెట్టినది. పుస్తకమునకు చివరి పుట గలదు, పురాణకాలక్షేపమునకు మంగళహారతి గలదు; దీనికి మాత్రము ముగింపు లేదు.

నార్వే దేశమునందలి బెర్గెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెసీలియ షూ ఆండ్రియాసెన్ అను విదుషియు, ఆమె సహచరులును ఈ వ్యసనమును కొలుచుటకై 2012లో ఆరు ప్రశ్నలను ప్రకటించిరి. వానిని మన యింటి మాటలలో నిట్లు చెప్పుకొనవచ్చును. గడచిన సంవత్సరములో, వంట చేయుచున్నప్పుడును మనస్సు దానిమీదనే యుండెనా? నాడు చాలిన సేపు నేడు చాలకున్నదా? ఇంటి చింతలను మరచుటకై దానిని తెరచుచున్నామా? తగ్గించుకొందమని పూని విఫలులమైతిమా? అందుబాటులో లేనప్పుడు చిరాకు కలుగుచున్నదా? దానివలన చేయవలసిన పని చెడినదా? ఒక్కొక్క ప్రశ్నకు 'చాల అరుదు' మొదలుకొని 'చాల తరచు' వరకు ఐదు మెట్లు. ఆరింటిలో నాలుగింటికైనను 'తరచు' లేక 'చాల తరచు' అని చెప్పవలసివచ్చినచో జాగ్రత్త పడవలెనని వారి సూచన.

మేము కాగితముపై నిజాయితీగా సమాధానములు వ్రాసికొంటిమి. నాలుగు వచ్చినవి. ఆ కాగితమును మా వారికి చూపక మూడు దినములు పోపులపెట్టె క్రింద దాచితిమి.

అయినను ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి రోగముల పట్టికలో ఫోనులు మొదలగువానిపై ఆడు ఆటల వ్యసనము చేరినది. ఆ పట్టిక 2022 జనవరి 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. సామాజిక మాధ్యమముల వ్యసనము మాత్రము అందులో ప్రత్యేక రోగముగా చేర్పబడలేదు. కాబట్టి ఫోను చూచు ప్రతి పిల్లను రోగియని పిలుచుట తగదు. నిజముగా చేయి దాటినవారికి సహాయము కలదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వైద్యశాలలో 2014లోనే దీనికై ప్రత్యేక చికిత్సావిభాగము నెలకొల్పిరి.

కోరికకు మూడు పురులు

వస్తువును చూచి ముచ్చటపడుట వేరు, కొనవలెనని నిశ్చయించుకొనుట వేరు. ఈ నిశ్చయము ఎట్లు కలుగునో ఐసెక్ ఐజెన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1991లో విశదముగా వ్రాసెను. ఆయన చెప్పినదానిని మనము మూడు పురుల త్రాడుగా భావింపవచ్చును. ఆ పని మంచిదను మన యభిప్రాయము మొదటి పురి. మనకు కావలసినవారు మననుండి దానిని ఆశించుచున్నారను భావము రెండవ పురి. అది మనకు సాధ్యమే యను ధైర్యము మూడవ పురి. మూడును గట్టిపడిన కొలది నిశ్చయమును గట్టిపడును. సామాజిక మాధ్యమములలో దినమునకు నాలుగైదు గంటలు గడపువారికి ఈ మూడు పురులును తెలియకుండగనే పేనబడుచున్నవి.

మొదటి పురిని పేనునది ప్రకటన. ఈ మాధ్యమములు మననుండి రుసుము గైకొనవు. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపులను నడుపుచున్న మెటా కంపెనీ రాబడిలో నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా ప్రకటనలవలననే వచ్చుచున్నది. మనము దేనిపై ఎంతసేపు కన్ను నిలిపితిమో లెక్కించి, దానికి దగినదానినే మన యెదుట నుంచుదురు. మేము వెదకిన మరునాడే ఫోనులు మమ్ము వెంబడించుటకు కారణ మిదియే. ఇంతేకాక, క్రొత్త ఫోను పెట్టెను విప్పి చూపువారు, 'ఇది లేనివాడు వెనుకబడినవాడు' అన్నట్లు మాటలాడువారు యూట్యూబులో కొల్లలు. వారిలో కొందరు సొమ్ము పుచ్చుకొని పొగడుదురు. సొమ్ముగాని, వస్తువుగాని పుచ్చుకొన్నచో ఆ సంగతి స్పష్టముగా తెలుపవలెనని ప్రకటనల ప్రమాణమండలి 2021లోను, కేంద్రప్రభుత్వము 2023 జనవరిలోను నియమములు ప్రకటించినవి. మోసకరమైన ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, మరల మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధించు అధికారము 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద ఏర్పడిన కేంద్రసంస్థకు కలదు.

రెండవ పురిని పేనునది మన బంధువర్గమే. 1899లోనే వెబ్లెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు, మనుష్యులు అవసరమునకు గాక పదిమంది చూచుటకై ఖర్చుచేయుదురని వ్రాసెను. పూర్వము మన నగలను పెండ్లిలోనో పేరంటములోనో చూచువారు. ఆ పోలిక ఏటికి నాలుగుసార్లు. ఇప్పుడు పేరంటము ప్రతిదినమును మన అరచేతిలోనే జరుగుచున్నది. పైగా నగవలె గాక, ఫోను తన్ను తాను చూపకయే తన విలువను చాటును. అది తీసిన ఫోటోయే దాని వెలను చెప్పును. మా తోడికోడలి మాట మమ్ము తాకుట ఇందుచేతనే.

మూడవ పురిని పేనునది సులభవాయిదా. దానిని గూర్చి ముందు చెప్పెదము.

త్రాగువానికి గిన్నె ఏదైనను ఒక్కటే. పేకాడువాడు పాత పేకతోనే తెల్లవార్లు ఆడును. ఈ వ్యసనమునందు మాత్రము గిన్నెయే మరల మరల క్రొత్తది కావలసివచ్చును. ఇదియే దీని ప్రత్యేకత.

ఫోను ఎందుకు పాతబడును?

మన దేశములో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన, నాటి పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసుకును కేంద్రమంత్రి సుఖరామునకును నడుమ జరిగెను. ఆ నాళ్లలో ఫోను మాటలాడుటకే. మాట వినబడినంత కాలము దానిని మార్చవలసిన పని లేకుండెను. 2007లో ఐఫోను వెలువడిన పిమ్మట అద్దపు తెర ఫోనులు వ్యాపించినవి. 2010లో ఇన్‌స్టాగ్రాము పుట్టినది. 2013లో ఆక్స్‌ఫర్డు నిఘంటువు వారు 'సెల్ఫీ' అను మాటను ఆ సంవత్సరపు మాటగా ఎన్నుకొనిరి. వెనువెంటనే 'సెల్ఫీ ఫోనులు' అను పేరుతోనే మన బజారులలో అమ్మకములు సాగినవి. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో వచ్చి డేటా వెలను దించివైచినది. కాని దాని సిమ్ముకు 4జీ ఫోను కావలెను గనుక అనేకులు పాతవానిని మూలబెట్టి క్రొత్తవి కొనిరి. 2020 జూన్ 29వ తేదీన ప్రభుత్వము టిక్‌టాకును నిషేధించినది; ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రాము మన దేశమున రీలులను ప్రారంభించినది. మాటకు చాలిన ఫోను బొమ్మకు చాలలేదు. బొమ్మకు చాలినది రీలుకు చాలలేదు.

ఇక చేతిలోని ఫోను సంగతి. 'నిండిపోయినది, నెమ్మదించినది, చార్జింగు నిలువదు' అను మూడు ఫిర్యాదులతో మనము క్రొత్తది కొందుము. ఈ మూడింటికిని మూలము చాలవరకు ఒక్కటే. వాట్సాపు గ్రూపులలో వచ్చు శుభోదయపు పూలగుత్తులు, దేవతల పటములు, హాస్యపు వీడియోలు, మనము ఆపనంతవరకు తమంతట తామే మన ఫోనులో దిగి చోటు నాక్రమించును. చోటు నిండిన ఫోను నెమ్మదించును. బ్యాటరీ మాట కూడ ఇట్టిదే. ఈ లిథియం బ్యాటరీలు సాధారణముగా 500 మొదలు 1,000 మారులు పూర్తిగా నిండి ఖాళీయగుసరికి తమ తొలి శక్తిలో సుమారు 80 శాతమునకు దిగును. రోజున కొకమారు నింపువారికి అది సుమారు పదునారు మొదలు ముప్పదిమూడు నెలల మాట. రెండుమార్లు నింపువారికి అందులో సగము. అనగా ఎక్కువగా చూచువారి ఫోను త్వరగా ముసలిదగును. ముసలిదైనదని వారే త్వరగా క్రొత్తది కోరుదురు.

ఈ విషయమున అమెరికాలో పెద్ద తగవు జరిగినది. బ్యాటరీ క్షీణించిన పాత ఐఫోనుల వేగమును తామే తగ్గించితిమని ఆపిల్ కంపెనీ 2017 డిసెంబరులో ఒప్పుకొన్నది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండుటకే అట్లు చేసితిమని వారి సమాధానము. తుదకు 2018లో బ్యాటరీ మార్పు వెలను 79 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించిరి. 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు రాజీపడిరి. ఫోను పాతబడెనని తలచి క్రొత్తది కొన్నవారెందరో! వారిలో అనేకులకు కావలసినది క్రొత్త బ్యాటరీ మాత్రమే.

సులభవాయిదాలోని మర్మము

ఇప్పుడు మూడవ పురి. 'వడ్డీ లేని వాయిదా' అని పెద్ద యక్షరములతో కనబడును. అప్పునకు వడ్డీ లేకుండుట లోకములో లేదు. 2013 సెప్టెంబరు 17వ తేదీన రిజర్వు బ్యాంకు వారు, సున్న వడ్డీ పథకములలో వడ్డీ ఇతర రుసుములలో మరుగుపడి యుండునని చెప్పి, బ్యాంకులు అట్టివి నడుపరాదని ఆజ్ఞాపించిరి. నేడు నడుచునది వేరొక విధము. బ్యాంకు వడ్డీ పుచ్చుకొనును. ఆ వడ్డీకి సమానమైన తగ్గింపును అమ్మువారు వెలలో చూపుదురు. క్రెడిట్ కార్డు మీద అయినచో ఆ వడ్డీపై 18 శాతము జీఎస్టీ మనము చెల్లింపవలెను. వడ్డీ 1,500 రూపాయలైనచో పన్ను 270 రూపాయలు. దీనికి తోడు ప్రాసెసింగు రుసుము. రొక్కమిచ్చి కొన్నచో దొరకెడి తగ్గింపు కొన్నిమార్లు వాయిదావారికి దొరకదు.

దీనికి తోడు తొందర. 'రెండే మిగిలినవి', 'పది నిమిషములే గడువు' అను మాటలు నిజము కాకున్నను తెరపై వెలుగుచుండును. ఇట్టి కల్పిత తొందరను, మనము కోరని వస్తువును బుట్టలో చేర్చుటను, వద్దన్నవారిని సిగ్గుపరచు మాటలను, ఇట్లు 13 విధములైన మాయలను నిషేధించుచు కేంద్రప్రభుత్వము 2023 నవంబరు 30వ తేదీన నియమములు ప్రకటించినది. మోసపోయినవారు 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

మహాభారతమున యయాతి కథను మీరెరుగుదురు. ముసలితనము వచ్చినను భోగేచ్ఛ తీరక ఆయన తన కుమారుడగు పూరుని యౌవనమును బదులు పుచ్చుకొనెను. వేయి సంవత్సరములు అనుభవించిన పిమ్మట, అనుభవమువలన కోరిక తీరదని గ్రహించి యౌవనమును మరల నిచ్చివేసెను. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద ఈ కథ చదివినప్పుడు, కొడుకు ప్రాయమును అడుగుటకు తండ్రికి నోరెట్లు వచ్చెనా యని కోపపడితిమి. మేము అడుగకయే మా యత్తగారు తమ పండ్లనిచ్చుటకు సిద్ధపడిరి. పూరునివలె వారును సంతోషముతోనే ఇచ్చుచున్నారు. ఇచ్చువారు సంతోషముతో నిచ్చినంత మాత్రమున పుచ్చుకొనుట న్యాయమగునా?

మా యింట తుదకు జరిగినది

నాలుగవ దినమున ఆ కాగితమును మా వారికి చూపితిమి. వారు నవ్వలేదు, మందలింపలేదు. "మొదట ఉన్నదానిని బాగుచేయింతము" అని ఫోనును బజారులోని మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయిరి. మేమును వెంట వెళ్లితిమి. ఆ కుర్రవాడు బ్యాటరీ మార్చుటకు 1,300 రూపాయలగునని చెప్పెను. సరేయని, కెమెరా కూడ పాడైనది చూడుమంటిమి. అతడు ఫోనును వెనుకకు త్రిప్పి, చొక్కా అంచుతో ఒక్కసారి తుడిచి, "అమ్మా, కెమెరా అద్దానికి పసుపు, నూనె పట్టిందమ్మా. కెమెరా బాగానే ఉంది" అని మా చేతికిచ్చెను.

వ్రతమునాడు పసుపు చేతితో పట్టుకొన్న ఫోను! ఇరువది యైదు వేల రూపాయల ఫోను తీర్పవలసిన లోపమును చొక్కా యంచు తీర్చినది. మా వారు అప్పుడు మాత్రము నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చు దారిలో కన్నులు చెమర్చినవి.

ఆ రాత్రి గ్రూపులలోనుండి దిగిన వీడియోలను తొలగింపగా 64 జీబీల ఫోనులో 19 జీబీల చోటు దొరకినది. వాట్సాపులో ఫోటోలు తమంతట తాము దిగు ఏర్పాటును ఆపితిమి. ఫోను మరల పూర్వపు వేగమునకు వచ్చినది.

కొనుటకు ముందు

మా యనుభవమునుబట్టి సోదరీమణులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. క్రొత్త ఫోను కోరిక పుట్టిన దినమున దానిని గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుడు. 30 దినములు గడచిన పిమ్మటను అది నిలిచియున్నచో అప్పుడు ఆలోచింపుడు. మాటలాడుట, డబ్బు పంపుట, పిల్లల చదువు, వైద్యుని సలహా, ఈ పనులలో పాత ఫోను ఏది చేయలేకున్నదో కాగితముపై వ్రాయుడు. రీలు నిలిచిపోవుటను ఆ లెక్కలో చేర్పకుడు. అనవసరమైన గంటలను, సూచనలను ఆపివేయుడు. కొనుటకు ముందు బ్యాటరీ మార్పించి చూడుడు. మరమ్మతు వివరములు వినియోగదారులకు తెలియుటకై కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' అను పోర్టలును ఏర్పరచినది.

కొనవలసిన సమయము కూడ గలదు. కంపెనీవారు రక్షణకు సంబంధించిన అప్‌డేటులను ఆపివేసినచో, ఆ ఫోనులో బ్యాంకు లావాదేవీలు నడుపుట క్షేమము కాదు. అప్పుడు కొనుట దుబారా యనిపించుకొనదు. కొనునప్పుడు కెమెరాల సంఖ్యకంటె అప్‌డేటులు ఎన్నియేండ్లు వచ్చునో అడుగుడు. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కును, 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24కును ఏడేసి సంవత్సరములు ఇత్తుమని ఆయా కంపెనీలు వాగ్దానము చేసినవి. అన్ని ఫోనులకును ఇట్టి హామీ యుండదు. పాత ఫోనును చెత్తలో వేయకుడు. వానిని తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యతను 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నియమములు ఉత్పత్తిదారులపై నుంచినవి.

ఇంకొక మాట. ఈ వ్యాసమును చూపి కోడలి చేతినుండియో కూతురి చేతినుండియో ఫోనును లాగుకొనువారుందురేమోయని మాకు భయము కలుగుచున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను సెల్‌ఫోను గలవారు నూటికి 54 మందియే యని తేలినది. తక్కిన 46 మందికి ఫోను అవసరమే గాని వ్యసనము కాదు. 2020లో బడులు మూతపడినప్పుడు పిల్లల పాఠములు ఫోనులోనే నడచినవి. పొదుపు సంఘముల సోదరీమణులు లెక్కలను ఫోనులోనే చూచుకొనుచున్నారు. అమెరికాలోనున్న బిడ్డ ముఖమును తల్లి ఫోనులోనే చూచుచున్నది. స్త్రీకి ఫోను ఉండవలెను. ఆ ఫోను ఆమె యధీనములో ఉండవలెను. మా కోరిక యింతమాత్రమే. పురుషులకును ఈ నియమమే వర్తించును. రాత్రి పదకొండు గంటలకు క్రికెట్టు ముక్కలను చూచు మా వారికి కూడ ఆ ఆరు ప్రశ్నల కాగితమును ఇచ్చితిమి.

కార్తీకమాసమునకు ముందే మా యత్తగారికి పండ్లసెట్టు వచ్చినది. తొలి వారము చిగుళ్లు నొచ్చినవి, పిమ్మట సర్దుకొన్నవి. వనభోజనముల నాడు ఉసిరిచెట్టు క్రింద వారు పులిహోరలోని వేరుసెనగ గింజలను ఒక్కొక్కటిగా నమలి, నాలుగేండ్ల తరువాత వాని రుచి తెలిసినదనిరి. మేము కెమెరా అద్దమును కొంగుతో తుడిచి ఒక ఫోటో తీసితిమి. చక్కగా వచ్చినది. దానిని ఏ గ్రూపులోను ఉంచలేదు.

మన సోదరీమణులు తమ యింట క్రొత్త ఫోను మాట వచ్చినప్పుడు, ఆ కోరిక తమలో పుట్టినదో, తెరలోనుండి వచ్చి చేరినదో ఒక్క దినమైనను విచారించి, ఆ సొమ్మునకై ఇంటిలో మరియెవరైన మాటలాడక వేచియున్నారేమో చూచి, పిమ్మటనే నిశ్చయింతురని ఆశించుచున్నాము.